ఆకలి ముందు ఇచ్ఛ: గోరా నాస్తికత్వంపై ఒక పరిశీలన

తెలుగులో దేవుడి గురించిన వాదాలు సాధారణంగా ఒకే ప్రశ్న దగ్గర మొదలై, అక్కడే ఆగిపోతాయి: ఉన్నాడా, లేడా? ఆస్తికుడు సృష్టిలోని క్రమాన్ని చూపిస్తాడు. నాస్తికుడు లోకంలోని అన్యాయాన్ని చూపిస్తాడు. ఎవరి సాక్ష్యం వారిది, ఎవరి తీర్పు వారిది. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) ఈ వాదానికి చేసిన మేలు ప్రశ్ననే మార్చడం. దేవుడి ఉనికి ఆయనకు రెండో ప్రశ్న. మనిషి తన పనికి తానే కర్తనని అనుకొంటున్నాడా, లేదా అన్నది మొదటి ప్రశ్న. తానే కర్తనని అనుకొన్నవాడు నాస్తికుడు. తనకు వెలుపలనున్న మరో శక్తి చేతిలో తానొక పనిముట్టునని అనుకొన్నవాడు ఆస్తికుడు. 1972లో వెలువడిన ఆయన ఆంగ్ల గ్రంథం 'పాజిటివ్ ఎథీజం'కు పునాది ఈ విభజనే.

ఈ నిర్వచనం మామూలు నిర్వచనం కాదు. దీని ప్రకారం గుడికి వెళ్ళకపోవడం మాత్రమే నాస్తికత్వం కాదు. దేవుణ్ణి వదిలేసి విధికి తలవంచినా, ప్రభుత్వానికి దాసోహమన్నా, మన ప్రమేయం లేకుండానే చరిత్ర తన దారిన తాను నడుస్తుందని చేతులు ముడుచుకొన్నా, ఆ మనిషిలో బానిస భావం మిగిలే ఉందని గోరా అంటారు. అంటే తత్త్వశాస్త్రంలో ఇచ్ఛాస్వాతంత్ర్యం అని వ్యవహరించే సమస్యను, మనిషి తన ఇష్టంతో నిర్ణయించుకోగలడా, లేక అతడి నిర్ణయాలన్నీ ముందే నిర్ణయమైపోయాయా అన్న సమస్యను, ఆయన నాస్తికత్వానికి గుండెకాయగా చేశారు. దైవభావన బానిసత్వం, నాస్తికత్వం స్వేచ్ఛ: ఇదీ ఆయన సమీకరణం.

ఈ వ్యాసం ఆ సమీకరణాన్ని పరీక్షిస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్తాను. తర్కం దృష్ట్యా ఈ సమీకరణం నిలవదు. గోరా దాన్ని నిరూపించడానికి ఎన్నుకొన్న ప్రధానమైన ఉదాహరణే దానికి ఎదురుతిరుగుతుంది. అయినా ఆయన జీవితంలో చేసిన పనులను చూస్తే, ఆ సమీకరణం వెనక అంతకంటె గట్టి ఆలోచన ఒకటి కనిపిస్తుంది. ఆయన పుస్తకాల కంటె ఆయన ఆచరణే ఇచ్ఛాస్వాతంత్ర్యాన్ని బాగా వ్యాఖ్యానించింది.

ముదునూరు దాకా

గోరా గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. వృక్షశాస్త్రం చదివి, అధ్యాపకులయ్యారు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాలలో పనిచేసి, 1940లో అధ్యాపక వృత్తినే విడిచి, భార్య సరస్వతితో, పిల్లలతో కృష్ణా జిల్లా ముదునూరు చేరి అక్కడ నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో ఆ కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

ఈ వివరాలు చెప్పడం జీవితచరిత్ర కోసం కాదు. గోరా వాదం పుట్టిన చోటు ముఖ్యం. గ్రంథాల ఖండన మండనల కంటె అస్పృశ్యతా నిర్మూలన కార్యక్రమాల్లోనూ, సహపంక్తి భోజనాల్లోనూ, వయోజన విద్య తరగతుల్లోనూ అది రూపు దిద్దుకొంది. ఊరి మధ్య ఉన్నవాడు 'వాళ్ళ కర్మ' అంటాడు. ఊరి బయట ఉన్నవాడు 'మా రాత' అంటాడు. ఒకరిది అధికారం, మరొకరిది నిస్సహాయత; వివరణ మాత్రం ఇద్దరిదీ ఒక్కటే. ఆ వివరణను పెకలిస్తే తప్ప కులం కదలదని గోరాకు తోచింది. దేవుడి మీద ఆయన దాడికి మూలం ఇక్కడుంది.

ఇందులో తెలుగు పదాల సాక్ష్యం కూడా ఆయన పక్షమే. తలరాత, నొసటిరాత, ప్రాప్తం, విధి, యోగం, తెలంగాణ వాడుకలో నసీబు, కిస్మత్తు: మానవ ప్రయత్నం చెల్లని చోటును సూచించడానికి మనకు మాటల కొరత లేదు. వీటన్నిటిలో విచిత్రమైనది 'ఖర్మ'. సంస్కృతంలో కర్మ అంటే చేసిన పని. నోట నలిగి, ఒత్తు చేరి అది 'ఖర్మ' అయ్యేసరికి చేయని పనికి అనుభవించే ఫలితం అన్న అర్థం వచ్చి కూర్చుంది. చేతకు పెట్టిన పేరు చేతకానితనానికి పేరైపోయింది. ఏ సిద్ధాంత గ్రంథమూ ఈ మార్పును శాసించలేదు. బతుకు అనుభవం శాసించింది.

కలకత్తా వీధి

1944 చివర గోరా సేవాగ్రామ్ వెళ్ళి గాంధీని కలిశారు. ఆ పరిచయాన్నీ, తర్వాతి సంభాషణలనూ 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' అనే చిన్న పుస్తకంగా రాశారు. 1951లో నవజీవన్ ప్రచురించింది; గాంధీ సహచరుడు కిశోర్‌లాల్ మశ్రువాలా ముందుమాట రాశారు. ఒక నాస్తికుడూ ఒక గాఢ విశ్వాసీ ఒకరినొకరు ఓడించే ఉద్దేశం లేకుండా మాట్లాడుకొన్న సందర్భాలు మన సాహిత్యంలో తక్కువ కనుక, ఆ పుస్తకం ఇప్పటికీ చదవదగ్గది.

నాస్తికత్వం వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్నకు గోరా చెప్పిన జవాబు బెంగాల్ కరువు. కలకత్తా వీధుల్లో ఆకలితో అలమటించినవారు మిఠాయి దుకాణాల ముందు నుంచే నడిచిపోయారు, ఆ పక్కనే పడి చనిపోయారు. ఎదురుగా ఉన్న తిండిని లాక్కోవాలన్న ఆలోచన వారికి రాలేదు. ఎందుకు రాలేదు? తమ ఆకలి తమ రాత అనుకొన్నారు కనుక. తిన్నవాడికీ తినని వాడికీ మధ్య గోడ కట్టింది దైవభావన. అది తొలగితే పేదవాడు అడుగుతాడు, ఉన్నవాడికి తన బాధ్యత తెలుస్తుంది. స్థూలంగా ఇదీ ఆయన వాదన. గాంధీ దాన్ని తేలిగ్గా కొట్టివేయలేదు. గోరా మాటల్లో ఆదర్శం ఉందని ఒప్పుకొన్నారు. తన ఆస్తికత్వమే సరైనదనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తీర్మానించడానికి సిద్ధపడలేదు.

ఈ ఉదాహరణ బలం దాని దృశ్యంలో ఉంది. గాజు పెట్టెలో మిఠాయి, దాని ముందు ఎముకల గూడు: ఇది చూసిన ఎవరైనా 'ఎందుకు లాక్కోలేదు' అని అడగక మానరు. కానీ దృశ్యం బలంగా ఉన్నంత మాత్రాన దానికి చెప్పిన కారణం నిజమైపోదు. వైద్యంలో రోజూ ఎదురయ్యే చిక్కు ఇదే. రోగ లక్షణం కళ్ళకు కనబడుతుంది. కారణాన్ని మాత్రం వెతకవలసి ఉంటుంది. కలకత్తా వీధిలోని మౌనానికి విధివాదమే కారణమన్న నిర్ధారణకు మూడు అభ్యంతరాలున్నాయి.

మొదటిది ఆర్థికం. 1943 కరువులో పోయిన ప్రాణాలు 15 లక్షలని 1945 నాటి విచారణ సంఘం అంచనా; 30 లక్షలకు దగ్గరగా ఉంటుందని అమర్త్య సేన్ లెక్క. 1981 నాటి తన గ్రంథం 'పావర్టీ అండ్ ఫామిన్స్'లో సేన్ చూపించింది, బెంగాల్‌లో తిండి కొరత కంటె తిండిని పొందే హక్కు కొరత పెద్దదని. యుద్ధ కాలపు ధరలు పెరిగాయి. కూలీలకూ, చేపలు పట్టేవారికీ, చేతివృత్తులవారికీ వచ్చే కూలికి బియ్యం అందకుండా పోయింది. నిండుగా ఉన్న దుకాణానికీ ఖాళీ కడుపుకూ మధ్య నిలిచింది చట్టం, దాని వెనక పోలీసు. అడ్డుగోడ మనసులోనే కాదు, వీధిలో కూడా ఉంది.

రెండోది శరీరానికి సంబంధించినది. గోరా సేవాగ్రామ్‌కు వెళ్ళిన ఆ నవంబరులోనే, భూగోళానికి అవతలి వైపు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధానంతరం ఐరోపాలో ఆకలిబారిన జనాన్ని ఎలా కోలుకొనేట్టు చెయ్యాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా వచ్చారు. కొన్ని వారాల పరిశీలన తర్వాత, ఆరు నెలల పాటు వారికి సగం తిండి పెట్టారు. శరీరం బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది. 1950లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆ పరిశోధన ఫలితాల్లో బరువు తగ్గడం కంటె ముఖ్యమైనది మనసుకు జరిగినది. వాళ్ళు ఎప్పుడూ తిండి గురించే ఆలోచించారు. మిగతా వాటన్నిటి మీదా ఆసక్తి పోయింది. చొరవ పోయింది, స్నేహాలు సడలాయి, దిగులు కమ్మింది. ఏ పనీ మొదలుపెట్టలేని స్తబ్ధత వచ్చింది.

ఆ 36 మంది ఎవరు? మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టమని ప్రభుత్వానికి చెప్పినవారు. వారిలో చాలామంది యుద్ధాన్ని నిషేధించే క్రైస్తవ శాఖలకు చెందినవారు. అంటే దేశమంతా యుద్ధోత్సాహంలో ఉన్నప్పుడు ఒంటరిగా కాదనగలిగిన విశ్వాసులు. గోరా కోరిన స్వతంత్రేచ్ఛ దండిగా ఉన్నవారు. ఆరు నెలల అర్ధాకలి వారి ఇచ్ఛను కూడా కరిగించింది. కలకత్తాలో నెలల తరబడి ఏమీ తినక, మలేరియాతో, విరేచనాలతో ఊళ్ళ నుంచి నడిచివచ్చినవారి దగ్గర మిగిలిన ఇచ్ఛ ఎంత? మిఠాయి కొట్టు ముందు పడిపోయినవాడి మౌనం అతడి తత్త్వం కాకపోవచ్చు. అతడి శరీరం చివరి దశ కావచ్చు.

మూడోది చరిత్ర. కరువు వచ్చిన మూడేళ్ళకే, 1946లో, అదే బెంగాల్‌లో కౌలు రైతులు పంటలో మూడింట రెండు వంతులు తమదేనని తెభాగా ఉద్యమం నడిపారు. అదే ఏడాది మొదలై 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టి చేసిన చేతులు దొరల గడీల మీదికి లేచాయి. నాయకుల్లో నాస్తికులున్నారు. జనం మాత్రం బోనాలు మానలేదు, పీరీల పండగ మానలేదు. రాతను నమ్మే మనిషే గుత్ప పట్టాడు. నమ్మకం మారలేదు, పక్కన మరో పదిమంది నిలబడ్డారు, సంఘం వచ్చింది, గెలవగలమన్న ఆశ వచ్చింది. కాబట్టి చేతులు కట్టేసింది కేవలం దైవభావనే అయితే, ఆ చేతులు అంత త్వరగా ఎలా విడివడ్డాయో చెప్పడం కష్టం.

దేవుడు లేని నియతి

గోరా సమీకరణంలో రెండో సగాన్ని, నాస్తికత్వమంటే స్వేచ్ఛ అన్నదాన్ని, ఇప్పుడు చూద్దాం. ఇక్కడ ఆయనకు ఎదురు నిలిచేవారు ఆస్తికులు కారు, తోటి నాస్తికులే.

మన దేశంలో ఈ కథ చాలా పాతది. బుద్ధుడి కాలంలోనే మక్ఖలి గోశాలుడి నాయకత్వంలో ఆజీవికులు ఉండేవారు. వారికి సృష్టికర్త అక్కర లేదు. అన్నిటినీ నడిపేది నియతి. మనిషి ప్రయత్నం వల్ల ఏదీ మారదు. దేవుడు లేకుండానే పరిపూర్ణమైన విధివాదం సాధ్యమని వారు చూపించారు. బుద్ధుడు దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలితమనడం, ఈశ్వరుడి సృష్టి అనడం, ఏ కారణమూ లేకుండా జరుగుతాయనడం అనే మూడు వాదాలనూ పాళీ గ్రంథాలు ఆయన చేత ఒకే కారణంతో తిరస్కరింపజేస్తాయి: మూడూ ప్రయత్నాన్ని చంపుతాయి. గోరాకు మన సంప్రదాయంలో అసలైన పూర్వీకుడు చార్వాకుడి కంటె ఈ బుద్ధుడే అనిపిస్తుంది. అయితే బుద్ధుడు విభజన రేఖను ఇంకా సరైన చోట గీశాడు. ఆ రేఖ దేవుడు ఉన్నవారికీ లేనివారికీ మధ్య కాదు. ప్రయత్నానికి చోటిచ్చే వాదానికీ ఇవ్వని వాదానికీ మధ్య.

పాశ్చాత్య నాస్తికత్వంలోనూ నియతివాదం బలమైన పాయ. 1770లో హోల్బాక్ 'ప్రకృతి వ్యవస్థ' అనే గ్రంథంలో దేవుణ్ణీ ఇచ్ఛాస్వాతంత్ర్యాన్నీ ఒకే వేటుతో తీసేశాడు. మనిషి ప్రకృతిలో భాగమైతే, ప్రకృతి నియమాల నుంచి అతడికి మినహాయింపు ఎక్కడిది? 1983లో బెంజమిన్ లిబెట్ మెదడు మీద చేసిన ప్రయోగం ఈ వాదానికి కొత్త ఊపిరి పోసింది. చెయ్యి కదిలించాలన్న కోరిక మనకు తెలియడానికి సుమారు మూడో వంతు సెకను ముందే మెదడులో ఆ కదలికకు సన్నాహం కనిపించింది. లిబెట్ మాత్రం చివరి క్షణంలో వద్దనుకొనే శక్తి మనిషికి మిగిలే ఉందన్నాడు. 2012లో ఆరన్ షుర్గర్ బృందం ఆ సన్నాహ సంకేతాన్ని ముందే తీసుకొన్న నిర్ణయంగా చూడనక్కర లేదని మరో వ్యాఖ్యానం చేసింది. శాస్త్రీయంగా ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. అయినా 2012లో శామ్ హారిస్, 2023లో రాబర్ట్ సపోల్‌స్కీ ఇచ్ఛాస్వాతంత్ర్యం భ్రమ అని పుస్తకాలు రాశారు. ఇద్దరూ నాస్తికులే. గోరా నిర్వచనం ప్రకారం వీరిని ఆస్తికులని పిలవాలి! నిర్వచనం అంత దూరం సాగితే మాటకు అర్థం మిగలదు.

గోరాకు దగ్గరగా వచ్చినవాడు సార్త్ర్. దేవుడు లేడు కనుక మనిషి స్వభావాన్ని ముందుగా రాసిపెట్టినవారూ లేరు, కాబట్టి తానేమవుతాడో తానే నిర్ణయించుకోవాలి, ఆ బాధ్యతను ఎవరి మీదా తోయలేడు అని 1945లో పారిస్ ఉపన్యాసంలో ఆయన అన్నాడు. ముదునూరులో గోరా అప్పటికే ఆ బాధ్యతను బతుకుతున్నారు. కానీ సార్త్ర్ దగ్గర ఉన్నదే గోరా దగ్గరా ఉంది: అది ప్రకృతిలో కనిపెట్టిన సత్యం కాదు, మనిషి తీసుకొన్న నిర్ణయం. వైద్యపట్టా తీసుకొని తత్త్వశాస్త్రానికి మళ్ళిన విలియం జేమ్స్ కూడా తీవ్రమైన నిరాశలో ఉన్న 1870లో ఇలాంటి నిర్ణయమే చేసి తన దినచర్యలో రాసుకొన్నాడు: ఇచ్ఛాస్వాతంత్ర్యాన్ని నమ్మడమే తన మొదటి స్వతంత్ర చర్య అని. జేమ్స్ నాస్తికుడు కాడు. నిర్ణయానికి నాస్తికత్వం ముందస్తు షరతు కాదన్నమాట.

విశ్వాసంలోని వాదం

విశ్వాసం ప్రయత్నాన్ని చంపి తీరుతుందన్న మొదటి సగాన్ని పరీక్షించడానికి నేనుంటున్న చోటు కొంత సాయపడుతుంది. ఖతర్‌లో, దోహాకు ఉత్తరాన ఉన్న ఉమ్ సలాల్‌లో వైద్యం చేసేవాడికి 'ఇన్షా అల్లాహ్' అన్న మాట రోజుకు ఎన్నోసార్లు వినబడుతుంది. మందు వేసుకొంటారా అని అడిగినా అదే, మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగినా అదే. బయటి నుంచి వచ్చినవారు దీన్ని వాయిదాగా, విధివాదంగా వింటారు. ఆ భాషలో మాత్రం అది ఎక్కువసార్లు మాట ఇవ్వడమే. మాట నిలుపుకోవడం పూర్తిగా మన చేతిలో లేదన్న ఒప్పుకోలు దానికి తోడు.

ఇస్లాం మేధాచరిత్రలో ఈ వివాదం తొలి శతాబ్దంలోనే మొదలైంది. మనిషి చర్యలన్నీ దేవుడు చేయించేవేనన్న జబ్రియా వారు ఒకవైపు, మనిషి తన పనులకు తానే కర్త అన్న ఖదరియా వారు మరోవైపు. ఉమయ్యద్ పాలకులకు మొదటి వాదం అనుకూలమైంది: తమ అధికారం దైవ నిర్ణయమైతే దాన్ని ప్రశ్నించేదెవరు? బస్రాలో బలపడిన ముఅతజిలా పండితులు ఎదురు ప్రశ్న వేశారు. దేవుడు న్యాయవంతుడైతే, మనిషి చేయని పనికి అతణ్ణి శిక్షిస్తాడా? కాబట్టి మనిషికి స్వేచ్ఛ ఉండి తీరాలి. తర్వాత అషరీలు మధ్యేమార్గంగా, చర్యను సృష్టించేది దేవుడే అయినా దాన్ని తనదిగా చేసుకొనేది మనిషి అన్నారు. విధివాదం రాజుకు ఉపయోగపడుతుందన్న గోరా పరిశీలన ఇక్కడ అక్షరాలా నిజమైంది. కానీ దాన్ని ఎదిరించినవారు దేవుణ్ణి వదిలి ఎదిరించలేదు. దేవుడి న్యాయం పేరు మీదే ఎదిరించారు.

మహమ్మారి చరిత్ర చదివే వైద్యులకు పరిచయమైన ఘట్టం మరొకటుంది. 7వ శతాబ్దంలో ఖలీఫా ఉమర్ సిరియాకు బయలుదేరి, అక్కడ ప్లేగు వ్యాపించిందని దారిలో తెలిసి వెనక్కి మళ్ళాడు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నావా అని సేనాని అబూ ఉబైదా అడిగాడు. ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపు వెళ్తున్నామని ఉమర్ జవాబిచ్చాడు. పచ్చికబయలూ, ఎండిన బయలూ రెండూ ఉన్న లోయలో ఒంటెను ఎటు తోలినా దైవ నిర్ణయమే కదా అని పోలిక చెప్పాడు. అబూ ఉబైదా సిరియాలో ఉండిపోయి, ఆ ప్లేగులోనే మరణించాడు. ఇద్దరూ ఒకే దేవుణ్ణి, ఒకే విధిని నమ్మారు. తేడా నమ్మకంలో లేదు. ఆ నమ్మకం నుంచి వారు తీసిన నిర్ణయంలో ఉంది.

దోషం ఎవరి మీద?

ఇంతవరకు చెప్పింది తార్కికమైన అభ్యంతరం. అంతకంటె నన్ను కలవరపెట్టేది నైతికమైన అభ్యంతరం.

కర్మ సిద్ధాంతం మీద గోరాకున్న అసలు ఆగ్రహం అది బాధితుడినే దోషిగా చేస్తుందన్నది. నీ ఆకలికి నీ పూర్వజన్మే కారణమంటుంది. మంచి ఉద్దేశంతో పలికినా ఈ తర్కం క్రూరమే. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చినప్పుడు, అది అస్పృశ్యతా పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీ అన్నారు. అస్పృశ్యతను నిర్మూలించాలన్న తపన అందులో ఉంది. కానీ శిథిలాల కింద చనిపోయినవారిలో అస్పృశ్యులు లేరా? ప్రకృతి ఉత్పాతానికి నైతిక కారణం అంటగట్టడం తగదని దీనికి బహిరంగంగా అభ్యంతరం చెప్పినవాడు నాస్తికుడు కాడు, రవీంద్రనాథ్ ఠాగూర్.

అయితే ఇచ్ఛాస్వాతంత్ర్యాన్ని హద్దు లేకుండా ప్రకటిస్తే జరిగేది కూడా ఇదే. 'నీ రాత నువ్వే రాసుకొంటావు' అన్న మాట ఉత్సాహంగా వినిపిస్తుంది. కానీ బతుకు చెడినవాడికి దాని తాత్పర్యం ఏమిటి? 'నీ పాడు రాత కూడా నువ్వే రాసుకొన్నావు' అని. కర్మ సిద్ధాంతం దోషాన్ని గతజన్మలో పెడితే, ఇది ఈ జన్మలోనే పెడుతుంది. మిఠాయి కొట్టు ముందు చనిపోయినవాణ్ణి ఒకరు 'వాడి ఖర్మ' అంటే, మరొకరు 'వాడి బానిస బుద్ధి' అన్నట్టవుతుంది. గోరా ఉద్దేశం ఇది కాదని ఆయన జీవితం తెలిసినవారెవరికైనా తెలుసు. వాదం మాత్రం అక్కడికే దారి తీస్తుంది.

ఇది పాతకాలపు చర్చ కాదు. మధుమేహంతో వచ్చిన రోగిని 'నోరు కట్టుకోలేడు' అని తీసిపారేసే వైద్యుడు ఆ వాదాన్నే పాటిస్తున్నాడు. తాగుడు మానలేనివాణ్ణి 'సంకల్పం లేదు' అనే బంధువూ అంతే. గల్ఫ్‌లో పనిచేసే నిర్మాణ కార్మికుడి సంగతి చూడండి. మండుటెండలో మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషి గురించి ఊళ్ళో 'వాడి నసీబు' అంటారు. పనిచోట 'నీళ్ళు తాగమని చెప్పినా వినడు' అంటారు. మొదటిది విధి, రెండోది స్వేచ్ఛ. రెండు మాటలూ అతడి పని గంటలను ప్రశ్న నుంచి తప్పించేస్తాయి. ఖతర్‌లో 2021 నుంచి అమలవుతున్న నియమం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. ఎండ, వేడి, తేమ, గాలి కలిపి లెక్కగట్టే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపాలి. అంతకుముందున్న నిషేధం ఇంతకంటె తక్కువ గంటలకు, తక్కువ రోజులకు. ఎండదెబ్బ తలరాతా, అజాగ్రత్తా అని వాదించుకొన్నంత కాలం ఈ అంకెలు మారవు. ఎండదెబ్బకు కారణాలున్నాయనీ, ఆ కారణాలు కొందరు మనుషుల నిర్ణయాల్లో ఉన్నాయనీ గుర్తించినప్పుడే మారతాయి.

కారణాలను వెతకడం స్వేచ్ఛను కాదనడం కాదు. నిజానికి నియతివాది చెప్పే కార్యకారణ సంబంధం లేకపోతే వైద్యమే లేదు. ఏ కారణానికి ఏ ఫలితం వస్తుందో తెలిసినప్పుడే మనం ఆ కారణాన్ని మార్చగలం. రోగి విషయంలో కారణాల వైపు, వైద్యుడి విషయంలో బాధ్యత వైపు చూడటం ఆరోగ్యకరమైన అలవాటు. మన తప్పులకు పరిస్థితులనూ, ఎదుటివాడి తప్పులకు అతడి స్వభావాన్నీ కారణంగా చెప్పుకోవడం మనందరికీ సహజం. ఇచ్ఛాస్వాతంత్ర్య వివాదం నుంచి ఒక ఆచరణ సూత్రం తీయవలసి వస్తే, ఈ సహజమైన అలవాటును తిరగేయడమే అది: బలవంతుణ్ణి బాధ్యత అడగాలి, బలహీనుడి పరిస్థితి అడగాలి.

గోరా చేసినది

ఇలా చూస్తే గోరా కుటుంబం చేసిన పనులు ఆయన సిద్ధాంతం కంటె ముందు నడుస్తాయి. ఆయన పెద్ద కుమార్తె మనోరమ, దళిత యువకుడు అర్జునరావుల పెళ్ళి సేవాగ్రామ్‌లో జరపడానికి గాంధీ ఒప్పుకొన్నారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురైన తర్వాత, మార్చిలో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. కుమారుడు లవణం మహాకవి జాషువా కుమార్తె హేమలతను పెళ్ళి చేసుకొన్నారు. పుట్టుకే మనిషి రాత అన్న సూత్రాన్ని ఖండించడానికి గోరా మాలపల్లిలో ఉపన్యాసం ఇచ్చి సరిపెట్టుకోలేదు. తన ఇంటి విందులో, తన ఇంటి వివాహంలో ఖండించారు. స్వేచ్ఛ లేదని దళితుణ్ణి నిందించలేదు. స్వేచ్ఛ ఉన్న తన కులం నుంచి మూల్యం చెల్లించారు.

స్టూవర్టుపురం మరింత స్పష్టమైన ఉదాహరణ. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని సముదాయాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. ఇది దేవుడు రాసిన రాత కాదు, ప్రభుత్వం రిజిస్టరులో రాసిన రాత. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను అలా ఉంచి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. స్వాతంత్ర్యానంతరం, 1952లో, ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలీసుల మనసుల్లోనూ, పొరుగు ఊళ్ళ మనసుల్లోనూ మిగిలిపోయింది. 1970ల నుంచి హేమలత, లవణం అక్కడ సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. మనిషి మారగలడన్న గోరా నమ్మకానికి ఇంతకంటె కఠినమైన పరీక్ష ఉండదు. ఆ పరీక్షలో 'నీకు స్వేచ్ఛ ఉంది, మారు' అన్న బోధ ఒక్కటే ఎలా సరిపోతుంది? పేరు వింటేనే అరెస్టు చేసే అలవాటు పోవాలి. కూలి దొరకాలి. పిల్లల్ని బడిలో కూర్చోనివ్వాలి. ఎవరో ఒకరు ముందుగా నమ్మాలి. ఆ నమ్మకం దొరికిన తర్వాతనే, దాన్ని నిలబెట్టుకొనే బాధ్యత ఆ మనిషికి అర్థవంతమవుతుంది.

ఇక్కడ బయటపడే ఇచ్ఛాస్వాతంత్ర్యం గోరా పుస్తకంలోది కాదు. పుస్తకంలో అది ప్రతి మనిషిలోనూ పుట్టుకతో పూర్తిగా ఉండి, దైవభావన మూత తీయగానే బయటికి వచ్చే వస్తువు. ఆచరణలో అది కొంత తిండి మీద, కొంత చట్టం మీద, చాలావరకు తోటి మనుషులిచ్చే గుర్తింపు మీద ఆధారపడి పెరిగేది, తరిగేది. ఒక్కొక్కరిలో ఒక్కొక్క పరిమాణంలో ఉండేది. కరువులో దాదాపు ఆరిపోయేది, సంఘంలో రాజుకొనేది.

అందుచేత గోరాను ఇప్పుడు చదివేవారు ఆయన్ను దేవుడి ఉనికిని తేల్చే సాక్షిగా కాక, విధి అన్న మాట ఎవరు ఎవరితో ఎందుకు అంటున్నారని అడగడం నేర్పినవాడిగా చదివితే ఎక్కువ ప్రయోజనం. ఆపదలో ఉన్న మనిషి తన గురించి తాను 'నా రాత' అనుకోవడం ఓదార్పు. దాన్ని లాక్కొనే హక్కు నాస్తికుడికి లేదు. ఆ మాటనే మరొకరు అతడి గురించి అంటే అది బాధ్యత నుంచి తప్పుకోవడం. దాన్ని మన్నించే హక్కు ఆస్తికుడికీ లేదు. ఈ తేడాను పాటించే విశ్వాసికీ అవిశ్వాసికీ మధ్య దేవుడి గురించి వాదం ఎన్నాళ్ళైనా సాగవచ్చు. గాంధీ, గోరాల మధ్య సాగినట్టే, కలిసి పని చేయడానికి అది అడ్డు రాదు.